గగన దూరం, నేల దూరం - యలమంచిలి నుంచి మన్యం దాకా



సర్వీసులో ఉన్న రోజుల్లో మనమందరం టి.ఏ. బిల్లులు వ్రాసినవాళ్లమే. ఏ ఊరికి ఎన్ని మైళ్లు, ఏ దారిన వెళ్లారు, దగ్గర దారి ఉండగా చుట్టుదారిన ఎందుకు వెళ్లారు అని ఆడిట్ వారు అడిగితే సంజాయిషీ వ్రాసుకున్నవాళ్లమే. ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వ సప్లిమెంటరీ రూల్స్‌లో ఒక చక్కని నిర్వచనం ఉంది. రెండు ఊళ్ల మధ్య అనేక దారులు ఉన్నప్పుడు దగ్గర దారిని లెక్కలోకి తీసుకోవాలన్నారు. అయితే దగ్గర దారి అంటే మైళ్లు తక్కువైన దారి అనలేదు. మామూలు ప్రయాణ సాధనాలతో మనిషి అన్నిటికంటె త్వరగా గమ్యం చేరగలిగిన దారి అన్నారు. అంటే దూరానికి అసలు కొలత కాలమేనని ఆ రూలు వ్రాసినవారు ఏనాడో ఒప్పుకున్నారన్నమాట.

నేడు మన మనుమలు సెల్‌ఫోను తెరిచి, ఏ రెండు ఊళ్ల పేర్లు చెప్పినా వాటి మధ్య గగన దూరం ఇంత, విమాన ప్రయాణ కాలం ఇంత అని క్షణంలో చెప్పేస్తున్నారు. విమానమే దిగని ఊళ్లకు కూడా లెక్క వస్తున్నది. ఆ లెక్క ఎలా పుట్టింది, మన యలమంచిలి, నర్సీపట్నం, చింతపల్లి ప్రాంతాలకు దాన్ని వర్తింపజేస్తే ఏమి తెలుస్తుంది, ఏమి తెలియదు అన్నది ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

విమానం కంటె ముందు పుట్టిన కొలత

గగన దూరం అనగానే విమానాలతో వచ్చిన మాట అనుకుంటాం. నిజానికి విమానం పుట్టడానికి నూరేళ్ల ముందే మన దేశంలో ఈ కొలత మొదలయింది. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులో పరంగికొండ దగ్గర, నూరడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్ల గీత ఒకటి కొలిచాడు. దానికి 57 రోజులు పట్టింది. ఆ గీతను ఆధారం చేసుకుని, అర టన్ను బరువైన థియోడలైటు యంత్రాన్ని కొండల మీదికీ గోపురాల మీదికీ ఎక్కించి, కోణాలు చూసి, త్రిభుజం మీద త్రిభుజం అల్లుకుంటూ పోయారు. నేల మీద గొలుసు లాగకుండానే ఒక శిఖరానికీ మరో శిఖరానికీ మధ్య తిన్నని దూరం తేలింది. మన విశాఖపట్నం దగ్గర కూడా 1862 ప్రాంతంలో ఇటువంటి ఆధారరేఖ ఒకటి కొలిచారు. తూర్పు తీరపు త్రిభుజాలను దానితో సరిచూసుకున్నారు.

ఆ సర్వే పుణ్యమా అని ప్రతి ఊరికీ అక్షాంశ రేఖాంశాలు ఏర్పడ్డాయి. అవి తెలిస్తే లెక్క మనమే కట్టవచ్చు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. ఓడలవారూ విమానాలవారూ వాడే నాటికల్ మైలు ఇదే. రేఖాంశంలో ఒక నిమిషం భూమధ్యరేఖ దగ్గర దాదాపు అంతే ఉంటుంది గాని ఉత్తరానికి పోయేకొద్దీ కురచవుతుంది. మన ప్రాంతంలో అది 1.77 కిలోమీటర్లు.

యలమంచిలి సుమారు 17 డిగ్రీల 33 నిమిషాల ఉత్తర అక్షాంశం, 82 డిగ్రీల 51 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. చింతపల్లి సుమారు 17 డిగ్రీల 52 నిమిషాలు, 82 డిగ్రీల 21 నిమిషాల మీద ఉంది. ఉత్తరానికి తేడా 19 నిమిషాలు, అంటే 35 కిలోమీటర్లు. పడమరకు తేడా 30 నిమిషాలు, అంటే 53 కిలోమీటర్లు. ఇక చిన్నప్పటి లంబకోణ త్రిభుజం లెక్కే. 35 వర్గం 1,225. 53 వర్గం 2,809. మొత్తం 4,034. దాని వర్గమూలం అరవై మూడున్నర. అదే గగన దూరం. ఇలాగే చూస్తే యలమంచిలి నుంచి నర్సీపట్నం 28 కిలోమీటర్లు, నర్సీపట్నం నుంచి చింతపల్లి 36 కిలోమీటర్లు వస్తాయి. ఈ మూడు ఊళ్లూ ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయని కూడా దీనివల్ల తెలుస్తున్నది.

గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి యలమంచిలి నుంచి చింతపల్లి పదమూడు నిమిషాల ప్రయాణం. పటంలో చూస్తే ఇంతే. చరిత్రలో చూస్తే ఈ పదమూడు నిమిషాల దూరం వెనుక చాలా కథ ఉంది.

పట్టాలు పడిన వైపు, పడని వైపు

యలమంచిలి పాత ఊరు. పంచదార్ల శాసనాలలో కనిపించే ఎలమంచి చాళుక్యుల నాటి నుంచి దీనికి పేరున్నది. మద్రాసు కలకత్తా బాట మీద ఉండడం వల్ల బాటసారులకు ఎరిగిన ఊరే. అయినా ఆ రోజుల్లో ప్రయాణం ఎద్దుబండి మీదా, పల్లకిలోనూ, కాలినడకనూ సాగేది. బండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. విశాఖపట్నం చేరాలంటే దారిలో మజిలీ చేయవలసిందే.

1893 - 1896 సంవత్సరాల మధ్య కటకం నుంచి బెజవాడ దాకా ఈస్ట్ కోస్ట్ రైల్వే లైను తెరిచారు. గోదావరి మీద హేవలాక్ వంతెన కట్టారు. 1899లో బెజవాడ మద్రాసు లైను కలిసింది. ఈ కొద్ది ఏళ్లలో కోస్తా ప్రాంతపు దూరాలన్నీ ఒక్కసారి కుదించుకుపోయాయి. ఒక పూట రెండు పూటలు పట్టే ప్రయాణం గంటల్లోకి వచ్చింది. ఈ భాగంలో రైలు దారి ఇంచుమించు తిన్నగా ఉండడం వల్ల, యలమంచిలి నుంచి విశాఖకు గగన దూరానికీ రైలు దూరానికీ తేడా కొద్ది కిలోమీటర్లే.

కాని పట్టాలు తీరం వెంట పోయాయి. కొండలవైపు తిరగలేదు. యలమంచిలి తరువాత రేగుపాలెం, ఆ తరువాత నర్సీపట్నం రోడ్డు అని స్టేషను వస్తుంది. ఆ పేరులోని "రోడ్డు" అన్న మాటను గమనించాలి. అక్కడ ఊరు లేదు, ఊరికి పోయే దారి మాత్రమే ఉంది. నర్సీపట్నం అక్కడి నుంచి పాతిక కిలోమీటర్లకు పైనే. కొత్తగా బదిలీ అయిన ఉద్యోగులు స్టేషను బోర్డు చూసి దిగి, పెట్టెలు బెడ్డింగులు పక్కన పెట్టుకుని బండికోసం ఎదురు చూడడం మన తరానికి ముందు తరం వారికి బాగా తెలిసిన సంగతి.

మన్యం దారి

నర్సీపట్నం దాటితే మైదానం అయిపోతుంది. లంబసింగి ఘాటు ఎక్కితే చింతపల్లి, ఆ పైన గూడెం. 1839 చట్టంతో బ్రిటిషువారు ఈ కొండ ప్రాంతాన్ని కలెక్టరు ఏజెంటుగా పాలించే ఏజెన్సీగా విడదీశారు. కొండవాళ్లు చింతపండు, పసుపు, పిప్పళ్లు కావిళ్లతో దింపి సంతల్లో అమ్ముకుని ఉప్పు, బట్ట, కిరసనాయిలు పట్టుకుపోయేవారు. వారికి ఆ దూరం రోజుల లెక్క. పైకి వెళ్లే ఉద్యోగికి అది రోజుల లెక్కే కాదు, మన్యం జ్వరం లెక్క కూడా. ఏజెన్సీ బదిలీ అంటే ఇంటిల్లిపాదీ బెంగపెట్టుకునేవారు.

ఈ దూరాన్ని తగ్గించాలని ప్రభుత్వం నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించింది. రోడ్డు మంచిదే. కాని ఆ రోడ్డు ఎవరి చేత వేయించారు, ఎలా వేయించారు అన్నది చరిత్రలో మిగిలిపోయింది. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా పనికి రప్పించి, చాలీచాలని కూలి ఇచ్చి రాళ్లు కొట్టించాడు. 1882 నాటి అటవీ చట్టం వల్ల పోడు వ్యవసాయానికీ, అడవి ఫలసాయానికీ అప్పటికే ఆంక్షలు పడ్డాయి. ఆ మంట మీద ఈ వెట్టి తోడయింది. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన మన్యం తిరుగుబాటుకు దగ్గరి కారణాలలో ఈ రోడ్డు పని ఒకటని చరిత్రకారులు చెబుతారు. గాము సోదరులు గంతందొర, మల్లుదొర ఆ ఉద్యమంలో ముందు నిలిచారు.

ఇక్కడ దూరం గురించి ఒక గొప్ప పాఠం ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులలో దాడులు జరిగాయి. 26 తుపాకులు, 2,500కు పైబడిన తూటాలు తిరుగుబాటుదారులకు చిక్కాయి. రోడ్డు మీద మజిలీలు చేసుకుంటూ నడిచే సర్కారు బలగానికి ఆ మూడు స్టేషన్లూ దూరదూరంగా ఉన్నాయి. అడవిలో కాలిబాటలు ఎరిగినవారికి అవి ఒక్కొక్క నడక దూరంలో ఉన్నాయి. అదే సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే కొండ, అదే దూరం. కాని నడిచేవారిని బట్టి కాలం మారిపోయింది.

నర్సీపట్నం కేంద్రంగా మలబారు స్పెషల్ పోలీసులను, తరువాత అస్సాం రైఫిల్స్‌ను దించి, దాదాపు రెండేళ్లపాటు వెతికారు. 1924 మే 7న సీతారామరాజును పట్టుకుని కాల్చిచంపారు. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉంది.

ఆకాశం నుంచి మొదట వచ్చినది

దేశంలో విమానయానం ఆనాటికే మొదలయింది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదు నుంచి యమున దాటించి నైనీకి సుమారు 6,500 ఉత్తరాలు విమానంలో పంపారు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా విమానం నడిపారు. ఆ తపాలా బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు చేరింది.

మన కోస్తా సామాన్యులకు మాత్రం విమానం మరో రూపంలో గుర్తుండిపోయింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. అవి సముద్రంలోని ఓడల మీదనుంచి లేచి వచ్చిన విమానాలు. జనం మూటా ముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం గుంటూరుకు తరలించవలసి వచ్చింది. ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఉందనుకున్న జపాను ఒక్క పూటలో నెత్తిమీదికి వచ్చింది.

1945లో నిజాం ప్రభుత్వమూ, టాటాలూ కలిసి హైదరాబాదులో దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. 1953 ఆగస్టు 1న అది మరి ఏడు కంపెనీలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట నుంచి విశాఖ విమానాశ్రయానికి గగన దూరం 500 కిలోమీటర్ల పైచిలుకు. జెట్ విమానం 800 కిలోమీటర్ల వేగంతో పోతే నలభై నిమిషాల లోపే రావాలి. కాని టైంటేబుల్‌లో గంటకు పైగా వేసేవారు. రన్‌వే మీదికి నడవడం, పైకెక్కడం, వరుసలో ఆగడం, కిందికి దిగడం అన్నీ అందులో చేరతాయి. అందువల్ల ప్రయాణం ఎంత దగ్గరైతే లెక్కకూ వాస్తవానికీ తేడా అంత ఎక్కువగా కనిపిస్తుంది.

చిన్న ఊళ్లను కలపాలని 1981లో వాయుదూత్ సంస్థను ప్రారంభించారు. మొదట దాన్ని తలపెట్టింది ఈశాన్య రాష్ట్రాల కొండ ప్రాంతాల కోసమే. 1990లలో అది మూతపడింది. తిరిగి 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద సిమ్లా ఢిల్లీ, కడప హైదరాబాదు, నాందేడ్ హైదరాబాదు సర్వీసులు మొదలయ్యాయి. సుమారు గంట ప్రయాణానికి, అంటే 500 కిలోమీటర్లకు, కొన్ని సీట్లు 2,500 రూపాయలకు ఇవ్వాలని నిర్ణయించారు. ఇక్కడ కూడా దూరాన్ని గంటతోనే కొలిచారు చూడండి.

ఈ పథకం కిందనే 2022 చివర ఒడిశాలోని జయపురానికి తొమ్మిది సీట్ల సెస్నా విమానం వచ్చింది. విశాఖకు జయపురం పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా రెండూ ఒకే విశాఖపట్నం జిల్లాలోనివి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన దానం తెలుగువారు మరువరు. ఈ రెండింటి మధ్య గగన దూరం సుమారు 145 కిలోమీటర్లు, లెక్క ప్రకారం అరగంట. ఘాటు రోడ్డున రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన కొత్తవలస కిరండుల్ రైలు మార్గం సొరంగాల వెంట సొరంగాలు దూరి, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ మీదుగా పోతుంది. ఆ కొండల మీద అరగంట అంటే సామాన్యమైన మార్పు కాదు.

ఉత్తర కొసన రెండు పల్లెలు

విమానం తప్ప దారి లేని ఊళ్లు ఎలా ఉంటాయో తెలుసుకోవాలంటే కెనడా ఉత్తర కొసకు పోవాలి. మనలో కొందరి పిల్లలు ఆ దేశంలోనే స్థిరపడ్డారు కాబట్టి ఈ సంగతి ఆసక్తిగానే ఉంటుంది. అక్కడ 1999లో ఏర్పడిన నునావుట్ అనే ప్రాంతంలో 25 జనావాసాలు ఉన్నాయి. ఒకదాని నుంచి మరొకదానికి రోడ్డు లేదు. వాటిలో అన్నిటికంటె ఉత్తరాన ఉన్నవి రెండు, రెజల్యూట్, గ్రీస్ ఫియర్డ్. మన దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 106 కిలోమీటర్లు ఉంటే, ధ్రువానికి దగ్గరైన అక్కడ రేఖలన్నీ ముడుచుకుని అది 28 కిలోమీటర్లకు దిగుతుంది. ఆ రెండింటి మధ్య గగన దూరం సుమారు 380 కిలోమీటర్లు. ట్విన్ ఆటర్ అనే చిన్న విమానానికి ఇంచుమించు గంటా ఇరవై నిమిషాలు. మంచు తుపాను పట్టిందంటే ఆ గంటా ఇరవై నిమిషాలూ రోజులవుతాయి.

ఆ పల్లెలు వాటంతట అవి పుట్టలేదు. 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం క్యూబెక్ ఉత్తర ప్రాంతం నుంచి ఇన్యూట్ కుటుంబాలను దాదాపు 2,000 కిలోమీటర్లు తరలించి అక్కడ దించింది. రెండేళ్లలో ఇష్టమైతే వెనక్కి తెస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. చీకటి, చలి, ఆకలి అనుభవించి వారు అక్కడే ఉండిపోయారు. 2010 ఆగస్టులో ప్రభుత్వం వారికి క్షమాపణ చెప్పింది. పటం మీద గీత గీసినవారికి అది దూరం. అక్కడ దిగినవారికి అది జీవితం.

వంతెన అవతలి ఊళ్లు

అంత దూరం పోనక్కరలేదు. మన సీలేరు ఎగువన బలిమెల జలాశయం ఉంది. ఆంధ్ర, ఒరిస్సా రాష్ట్రాలు కలిసి కట్టుకున్న ప్రాజెక్టు. కరెంటు వచ్చింది, నీరు వచ్చింది. కాని నీటి వెనుక చిత్రకొండ ప్రాంతంలో 151 ఊళ్లు బయటి లోకానికి తెగిపోయాయి. ఎదురుగా కనిపించే ఒడ్డుకు పోవడానికి లాంచీ కోసం కాచుకోవలసి వచ్చేది. 2018 జూలై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచేదాకా ఆ పేరే "కటాఫ్ ఏరియా". ఒక కిలోమీటరైనా లేని నీళ్లు దశాబ్దాల తరబడి ఒక ప్రాంతాన్ని దూరంగా ఉంచాయి.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో నేటికీ రోడ్డు లేని కొండ పల్లెలు ఉన్నాయి. నెలలు నిండిన స్త్రీని డోలీలో పెట్టి, మనుషులు భుజాలు మార్చుకుంటూ అంబులెన్సు ఆగిన చోటికి మోసుకువస్తున్నారు. ఆ పల్లె నుంచి ఆసుపత్రికి గగన దూరం ఎంతో ఫోను చెబుతుంది. డోలీ ఎంతసేపు మోయాలో చెప్పదు.

మన లెక్క ఏమిటి

విశాఖ విమానాశ్రయానికి 2007లో 10,000 అడుగులు దాటిన రన్‌వే వచ్చింది. విశాఖకు అవతల నలభై కిలోమీటర్లకు పైగా దూరాన, భోగాపురంలో, అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన చేశారు. కొండదారులన్నీ కాలినడకన తిరిగిన మనిషి పేరు విమానాశ్రయానికి పెట్టడం ముచ్చటైన సంగతే. యలమంచిలి, నర్సీపట్నం వాసులకు మాత్రం ఆకాశంలో కాలం మారకపోయినా, నేల మీద కాలం పెరుగుతుంది. పిల్లలు టిక్కెట్టు కొని పంపినప్పుడు విమానం గంటే కదా అనుకోకుండా, ఇల్లు కదిలింది మొదలు సీటులో కూర్చునేదాకా పట్టే సమయం కూడా కలుపుకోవడం మన వయసు వారికి మంచిది.

మరోవైపు కొన్ని దూరాలు మాయమయ్యాయి. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక, బ్రతికి ఉన్నామని చెప్పుకోవడానికి ట్రెజరీ దాకా వెళ్లవలసిన పని చాలామందికి తప్పింది. వేలిముద్ర పడితే చాలు. నడవలేని పెన్షనరుకు ఇది ఏ విమానం కంటె తక్కువ కాదు.

కాబట్టి మిత్రులారా, గగన దూరం అబద్ధం కాదు. అది సగం లెక్క మాత్రమే. తక్కిన సగం, ఎవరు ప్రయాణం చేస్తున్నారు, దేని మీద, ఎంతసేపు, ఎవరి శ్రమతో అన్న నాలుగు ప్రశ్నలలో ఉంది. మొదటి సగం ఫోనులో దొరుకుతుంది. రెండో సగం మన సభ్యుల జ్ఞాపకాలలో తప్ప ఎక్కడా లేదు. ఏజెన్సీలో క్యాంపులు చేసినవారు, ఘాటు రోడ్డున లారీ మీద సామాను ఎక్కించుకుని బదిలీ మీద వెళ్లినవారు, ఓట్ల పెట్టెలు, టీకాల డబ్బాలు, బడి పుస్తకాలు మోయించుకుని కొండలెక్కినవారు మన సంఘంలోనే ఉన్నారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ సంవత్సరంలో, ఎలా వెళ్లారు, ఎంతసేపు పట్టింది అన్నది ఒక్కొక్క కాగితం మీద వ్రాసి సంఘానికి అందజేయవలసిందిగా ప్రార్థన. ఈసారి ఆడిట్ అభ్యంతరం ఉండదు.